పాత విమానానికి కొత్త కళ్ళు

మీరెప్పుడైనా కళ్ళగంతలు ఆడారా? ఒకడి కళ్ళకు గుడ్డ కట్టి, భుజాలు పట్టుకుని, గిరగిరా నాలుగు చుట్లు తిప్పి వదిలేస్తారు. వాడు తూర్పు అనుకుని పడమరకు నడుస్తాడు. ఎదురుగా స్తంభం ఉన్నా వాడికి తెలియదు. కాని స్తంభం దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు, "ఆగు, ఆగు!" అని అరుస్తారు. అందుచేత దెబ్బ తగలదు.

మబ్బులోకి దూరిన విమానాన్ని నడిపేవాడి స్థితి సరిగా ఇలాంటిదే. అద్దంలో నుంచి చూస్తే అంతా పాలు పోసినట్టు తెల్లగా ఉంటుంది. నేలా కనిపించదు, ఆకాశమూ కనిపించదు. పైగా విమానం గంటకు కొన్ని వందల మైళ్ళ వేగంతో పోతూ ఉంటుంది. ఎదురుగా కొండ ఉంటే "ఆగు!" అని అరవటానికి అక్కడ ఎవరున్నారు?

ఉన్నారు! విమానం ముందుభాగంలో పైలట్లు కూచునే చోటును కాక్‌పిట్ అంటారు. అక్కడ అమర్చిన పరికరాలే పైలట్‌కు కళ్ళూ, చెవులూ. విమానం రెక్కలూ, శరీరమూ బాగా చూసుకుంటే నలభై, యాభై ఏళ్ళయినా నిలుస్తాయి. కాని ఈ కళ్ళూ చెవులూ అంతకాలం నిలవవు. అందుచేత కొన్ని పాత విమానాలకు కొత్త కళ్ళు అమరుస్తున్నారు. పెద్ద పెద్ద కంపెనీలవాళ్ళు తమ పనుల మీద తిరగటానికి వాడే చిన్న జెట్ విమానాలున్నాయే, వాటిని బిజినెస్ జెట్లు అంటారు. ఈ వైద్యం వాటికి ఎక్కువగా జరుగుతూ ఉంటుంది.

చెవి చెప్పే అబద్ధం

"పరికరాలు ఎందుకు? విమానం ఒక ప్రక్కకు ఒరిగితే ఒంటికి తెలియదా?" అని మీరు అడగవచ్చు.

తెలియదు. కావలిస్తే ఒక గాజు గ్లాసులో నీళ్ళు పోసి, మధ్యన ఒక అగ్గిపుల్ల వేయండి. గ్లాసును మెల్లిగా ఒకేవైపుకు తిప్పండి. మొదట గ్లాసు తిరుగుతుంది గాని పుల్ల కదలదు. తిప్పుతూనే ఉంటే కాసేపటికి నీళ్ళు కూడా గ్లాసుతోపాటే తిరుగుతాయి. ఇప్పుడు గ్లాసును చటుక్కున ఆపండి. గ్లాసు ఆగిపోతుంది గాని, నీళ్ళూ పుల్లా ఇంకా తిరుగుతూనే ఉంటాయి.

మన చెవి లోపల సన్నని గొట్టాలున్నాయి. వాటిలో ఇలాగే ద్రవం ఉంటుంది. మనం ఎటు తిరుగుతున్నదీ ఆ ద్రవం వల్లనే మెదడుకు తెలుస్తుంది. విమానం చాలాసేపు ఒకే విధంగా మలుపు తిరుగుతూ ఉంటే ఆ ద్రవం కూడా గొట్టాలతోపాటు తిరగసాగుతుంది. అప్పుడు చెవి, "మనం తిన్నగానే పోతున్నాం," అంటుంది. పైలట్ మలుపు మాని విమానాన్ని నిజంగా తిన్నగా పెడితే, "అయ్యో, అవతలి వైపుకు తిరుగుతున్నాం!" అంటుంది. చెవి మాట నమ్మి మబ్బులో విమానాన్ని మళ్ళీ వంచేసి, నేలకు కొట్టుకున్న పైలట్లు ఎందరో ఉన్నారు.

బొంగరం చెప్పే నిజం

ఈ చిక్కు నుంచి మనిషిని కాపాడినది బొంగరం! బొంగరం జోరుగా తిరుగుతున్నంతసేపూ నిటారుగా నిలబడుతుంది. దాన్ని ఒరగదొయ్యాలని చూసినా సులభంగా ఒరగదు. విమానంలో ఒక చిన్న డబ్బాలో నిమిషానికి వేల చుట్లు తిరిగే బొంగరాన్ని అమర్చారనుకోండి. విమానం ఎటు ఒరిగినా అది మాత్రం తన నిలకడ తప్పదు. దానికి ఒక గీత తగిలిస్తే, ఆ గీత ఎప్పుడూ నేల వాలు చూపుతూ ఉంటుంది. దీన్నే కృత్రిమ దిగంతం అంటారు. బయట దిగంతం కనిపించకపోయినా డబ్బాలోది కనిపిస్తుందన్నమాట.

1929వ సంవత్సరం సెప్టెంబరు 24వ తేదీన అమెరికాలో జిమ్మీ డూలిటిల్ అనే పైలట్ ఒక విచిత్రమైన పరీక్ష చేశాడు. తాను కూచున్న చోటును పూర్తిగా మూయించి, బయట ఏమీ కనబడకుండా చేసుకున్నాడు. అతనికి కనిపించేవి పరికరాలు మాత్రమే. ఆ విధంగానే విమానాన్ని నేల మీది నుంచి లేపి, ఆకాశంలో తిప్పి, మళ్ళీ నేల మీదికి దించాడు. ఏదైనా ప్రమాదం వస్తే ఆదుకోవటానికి ముందుసీటులో మరొక పైలట్ ఉన్నాడు గాని, అతనికి పని పడలేదు. అదంతా పదిహేను నిమిషాల ప్రయాణం. "చెవిని కాదు, పరికరాన్ని నమ్ము," అన్న పాఠాన్ని ఆ పదిహేను నిమిషాలు లోకానికి నేర్పాయి.

డయల్ల నుంచి తెరలకు

1963 అక్టోబరు 7వ తేదీన లియర్‌జెట్ అనే చిన్న విమానం మొదటిసారిగా ఎగిరింది. దాన్ని తయారు చేయించినవాడు బిల్ లియర్. తరువాతి రోజులలో చాలామంది బిజినెస్ జెట్లన్నిటినీ "లియర్‌జెట్" అనే పిలిచేవారు. దానికి అంత పేరు వచ్చింది. 2022లో ఆ విమానాల తయారీ ఆగిపోయింది. అప్పటికి మూడువేలకు పైగా తయారయ్యాయి.

ఆ కాలపు జెట్ కాక్‌పిట్ చూస్తే గడియారాల దుకాణంలోకి వెళ్ళినట్టే ఉంటుంది. ఎటు చూసినా గుండ్రని డయల్లూ, ముళ్ళూను. వేగానికి ఒకటి, ఎత్తుకు ఒకటి, దిక్కుకు ఒకటి, ప్రతి ఇంజనుకూ కొన్ని. పైలట్ కళ్ళు క్షణం ఊరుకోకుండా ఒక డయల్ నుంచి మరొక దానికి తిరుగుతూ ఉండాలి. వాటన్నిటినీ కలుపుకుని, "ఇప్పుడు విమానం ఇక్కడ ఉన్నది, ఇటు పోతున్నది," అనే బొమ్మను అతను తన మనసులో గీసుకోవాలి.

తరువాత ఆ బొమ్మను గీసిపెట్టే తెరలు వచ్చాయి. సెస్నా సైటేషన్ ఎక్సెల్ అనే జెట్ 1996లో మొదటిసారి ఎగిరింది. అందులో డయల్లకు బదులు టెలివిజన్ లాంటి తెరలు పెట్టారు. వెనక ఇళ్ళలో బరువైన టెలివిజన్ పెట్టెలుండేవని మీ తాతగారు చెప్పే ఉంటారు. ఆ పెట్టెలలోలాగే ఈ తెరల వెనక కూడా గాజు గొట్టాలుండేవి. గొట్టం లోపలి నుంచి ఎలక్ట్రాన్ల ధార వచ్చి తెర మీది పూతకు తగిలితే అక్కడ వెలుగు పుట్టేది.

ఆనాడు అవి ఎంతో కొత్తవి. కాని కొత్త ఎంతకాలం కొత్తగా ఉంటుంది? గాజు గొట్టాలు వేడెక్కుతాయి, బరువు ఎక్కువ, వాడగా వాడగా వెలుగు తగ్గుతుంది. ఇళ్ళలోకి పలుచని టెలివిజన్లు వచ్చిన తరువాత గాజు గొట్టాలు చేసే కార్ఖానాలు మూతపడసాగాయి. తెర చెడిపోతే బాగుచెయ్యటానికి సామాను దొరకటం కష్టమైపోయింది. ఇంజన్లు బాగున్నాయి, రెక్కలు బాగున్నాయి, కళ్ళకు మాత్రం మసక కమ్మింది! అందుచేత ఈ సైటేషన్లలో పాత తెరలు పీకేసి, గార్మిన్ కంపెనీవారి వెడల్పాటి పలుచని తెరలు అమర్చటం మొదలుపెట్టారు.

ఈగ దగ్గర ఉన్న రహస్యం

పాత జెట్లలోని బొంగరాలకు కూడా జబ్బులున్నాయి. ఎంత నూనె వేసినా, తిరిగే వస్తువు అరగక మానదు. అరిగినకొద్దీ బొంగరం నిలకడ తప్పుతుంది. నిలకడ తప్పిన బొంగరం అబద్ధం చెబుతుంది. అది చెవి అబద్ధంకన్నా ప్రమాదం. ఎందుకంటే పైలట్ దాన్ని నమ్ముతాడు!

కొత్త పరికరాలలో తిరిగే బొంగరం లేదు. వాటిలో ఉన్న ఉపాయం ఈగకు ఎప్పటినుంచో తెలుసు. ఈగకు రెండు రెక్కలే ఉంటాయి. వాటి వెనక గుండుసూదుల్లాంటి రెండు చిన్న కాడలుంటాయి. ఈగ ఎగురుతున్నప్పుడు ఆ కాడలు వేగంగా పైకీ క్రిందికీ కొట్టుకుంటాయి. ఈగ చటుక్కున తిరిగితే వాటి ఊపు కాస్త ప్రక్కకు తప్పుతుంది. దాన్నిబట్టి తాను ఎంత తిరిగినదీ ఈగకు తెలిసిపోతుంది. మనం ఎన్నిసార్లు తోలినా అది తలక్రిందులు కాకుండా తప్పించుకునేది అందుకే.

ఇదేవిధంగా కొత్త పరికరంలో సిలికాన్ ముక్క మీద చెక్కిన అతి చిన్న కమ్మీలు అదురుతూ ఉంటాయి. విమానం తిరిగితే వాటి అదురు ప్రక్కకు తప్పుతుంది. ఆ తప్పును కంప్యూటరు లెక్కగట్టి తెర మీద దిగంతాన్ని గీస్తుంది. అరిగిపోవటానికి అందులో ఇరుసు లేదు.

కొండ దగ్గర కేక

ఇప్పుడు, "ఆగు!" అని అరిచేవాడి సంగతి చెప్పాలి.

1974 డిసెంబరు 1వ తేదీన అమెరికా రాజధాని వాషింగ్టన్ వైపుకు ఒక పెద్ద ప్రయాణికుల విమానం వస్తున్నది. మబ్బులూ, గాలివానా. దిగటానికి అనుమతి ఇచ్చినప్పుడు ఎంత ఎత్తుకు దిగవచ్చు అన్న విషయంలో పొరపాటు జరిగింది. పైలట్లు ముందుగానే క్రిందికి దిగారు. ఆ దారిలో మౌంట్ వెదర్ అనే కొండ ఉన్నది. విమానం దానికి కొట్టుకుని, అందులో ఉన్న 92 మందీ మరణించారు. విమానంలో ఏ లోపమూ లేదు. అది బాగా ఎగురుతూనే పోయి కొండను తాకింది.

ఇలాంటి ప్రమాదాలను ఆపాలని పట్టుదలగా పనిచేసినవాడు డాన్ బేట్‌మన్ అనే ఇంజనీరు. ఆయన 1932లో కెనడాలో పుట్టాడు. ఎనిమిదేళ్ళ వయసులో బడిలో ఉండగా, ఆకాశంలో రెండు విమానాలు గుద్దుకుని పడిపోయాయి. బేట్‌మన్ ఒక స్నేహితుడితో కలిసి బడి ఎగగొట్టి, పరిగెత్తుకుపోయి చూశాడు. అది చూడదగిన దృశ్యం కాదు. మర్నాడు టీచరు, చూసినదంతా వ్రాసి తెమ్మని శిక్ష వేసింది. వ్రాసినదాంట్లో అక్షరదోషాలు చూసి, నువ్వు ఇంజనీరువు అవుతావులే అన్నదని ఆయన తరువాత చెప్పుకునేవాడు. అన్నట్టే అయింది!

బేట్‌మన్ చేసిన మొదటి పరికరం రేడియో తరంగాలను నేల మీదికి పంపి, విమానం క్రింద నేల ఎంత దూరంలో ఉన్నదో కొలిచేది. నేల మరీ త్వరగా దగ్గరికి వస్తే, "పుల్ అప్! పుల్ అప్!" అని, అంటే "పైకి లేపు!" అని కేకపెట్టేది. 1974 ప్రమాదం తరువాత పెద్ద విమానాలన్నిటిలోనూ దాన్ని పెట్టి తీరాలని అమెరికా ఆజ్ఞ చేసింది. అయితే దానికి ఒక లోపమున్నది. అది క్రిందికే చూస్తుంది, ముందుకు చూడదు. నిట్రంగా లేచిన కొండ ఎదురైతే దాని కేక ఆలస్యమయ్యేది.

1990 తరువాత బేట్‌మన్ బృందం మరొక ఉపాయం పన్నింది. భూమి మీది కొండలన్నిటి ఎత్తులనూ కంప్యూటరులో దాచిపెడితే? విమానం ఎక్కడ ఉన్నదీ ఉపగ్రహాల సాయంతో జి.పి.ఎస్. చెబుతుంది. ముందున్న కొండ ఎంత ఎత్తో కంప్యూటరుకు తెలుసు. ఇంక కొండ కంటికి కనబడకపోయినా ముందుగానే కేకపెట్టవచ్చు! కాని లోకంలో చాలా దేశాల పటాలు దొరకలేదు. ఆ సమయంలో సోవియట్ యూనియన్ విడిపోయింది. అంతకుముందు రహస్యంగా దాచిన అక్కడి సైనిక పటాలు కొన్ని అమ్మకానికి వచ్చాయి. బేట్‌మన్ వాటిని కొనిపించాడు. ఒకప్పుడు యుద్ధం కోసం గీసిన పటాలు ఈ విధంగా ప్రాణాలు కాపాడటానికి పనికివచ్చాయి. బేట్‌మన్ 2023లో చనిపోయాడు. ఆయన పరికరం పెట్టుకున్న విమానాలు కొండలకు కొట్టుకోవటం చాలా అరుదైపోయింది.

ఈ కేక పెద్ద విమానాలకేనా? అమెరికాలో రిజిస్టరైన జెట్లలో ఆరుగురు, అంతకంటే ఎక్కువమంది ప్రయాణికులు కూచునే వాటన్నిటికీ ఇలాంటి పరికరం 2005 మార్చి 29 నుంచి తప్పనిసరి అయింది. పాత బిజినెస్ జెట్లకు కొత్త చెవి వచ్చినది అప్పుడే.

ఆకాశంలో ఆరు మెట్లు

ఎత్తు కొలిచే పరికరానికి ఆధారం గాలి ఒత్తిడి. పైకి పోయినకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది. కాని 30,000 అడుగుల ఎత్తున గాలి ఎంతో పలుచన. అక్కడ వెయ్యి అడుగులు ఎక్కితే ఒత్తిడిలో వచ్చే తేడా, నేల దగ్గర వచ్చే తేడాలో సగం కూడా ఉండదు. పాత పరికరాలు అంత చిన్న తేడాను సరిగా చూపలేవు. అందుచేత 29,000 అడుగులకు పైన ఎదురుబొదురుగా పోయే విమానాల మధ్య 2,000 అడుగుల ఎడం ఉంచేవారు.

పరికరాలు మెరుగైన తరువాత 41,000 అడుగుల వరకూ ఆ ఎడాన్ని 1,000 అడుగులకు తగ్గించారు. ఐరోపాలో 2002లోనూ, అమెరికాలో 2005లోనూ ఈ పద్ధతి వచ్చింది. దానితో ఆకాశంలో ఆరు కొత్త మెట్లు ఏర్పడ్డాయి. కాని ఎత్తును కచ్చితంగా చెప్పలేని పాత జెట్లకు ఆ మెట్లు ఎక్కే వీలు లేకుండా పోయింది. క్రింద చిక్కని గాలిలో పోతే జెట్ ఇంజన్లు చమురు ఎక్కువ త్రాగుతాయి. అప్పుడు వాటి యజమానులకు రెండే దారులు మిగిలాయి: కొత్త పరికరాలు పెట్టించటం, లేదా క్రిందనే తిరగటం.

2020 జనవరి 1 నుంచి అమెరికాలో రద్దీగా ఉండే ఆకాశమంతటా ఇంకొక నియమం వచ్చింది. ప్రతి విమానమూ, "నేను ఫలానాచోట, ఫలానా ఎత్తున ఉన్నాను," అని క్షణక్షణమూ రేడియోలో తనంతట తానే చెప్పుకోవాలి. అంటే పాత విమానాలకు కళ్ళూ, చెవులే కాదు, కొత్త నోరు కూడా పెట్టవలసి వచ్చింది.

శస్త్రచికిత్స

ఇదంతా కాగితం మీద చెప్పినంత సులభం కాదు. ముందు కాక్‌పిట్‌లోని పలకలన్నీ ఊడదీస్తారు. వాటి వెనక తలవెంట్రుకల్లా అల్లుకుపోయిన తీగలుంటాయి. ఏది ఎక్కడికి పోతుందో పటాలలో చూసి, అక్కరలేనివి తీసేసి, కొత్తవి వేస్తారు. ఒక్క తీగ తప్పు చోట కలిస్తే ఎంత ప్రమాదమో మీరే ఊహించవచ్చు. ఆ తరువాత ప్రతి రేడియోనూ, ప్రతి దీపాన్నీ వేసి చూసి, ఒకదానివల్ల ఇంకొకటి చెదరటం లేదని నిశ్చయించుకుంటారు.

కొత్త సామాను పాతదానికంటే తేలిక. ముక్కు బరువు తగ్గితే విమానం తూకం మారుతుంది. అందుచేత విమానాన్ని మళ్ళీ తూచి లెక్కలు వేస్తారు. ఇనుమూ, కరెంటూ దగ్గరలో ఉంటే దిక్సూచి తప్పు చూపుతుంది గనక, విమానాన్ని నేల మీద ఒక్కొక్క దిక్కుకే తిప్పి, ముల్లు ఎంత తప్పుతున్నదో చిన్న చీటీ మీద వ్రాసి అక్కడే తగిలిస్తారు. ఇన్ని తెరలున్న కాక్‌పిట్‌లో కూడా మామూలు దిక్సూచి ఒకటి ఉంటుంది సుమా! తెరలన్నీ ఒక్కసారిగా ఆరిపోతే పనికివచ్చేందుకు, సొంత బ్యాటరీ ఉన్న చిన్న పరికరం కూడా ఒకటి ఉంచుతారు. ప్రభుత్వ అధికారులు మార్పును ఒప్పుకుని పత్రం ఇచ్చేదాకా విమానం ఎవరినీ ఎక్కించుకోకూడదు.

ఖర్చు లక్షల డాలర్లు అవుతుంది. కొన్ని పాత విమానాల వెలకంటే ఆ ఖర్చే ఎక్కువ. అలాంటి వాటిని విప్పేసి, పనికివచ్చే భాగాలు అమ్ముకుంటారు.

మన గగన్

ఇది పరాయి దేశాల ముచ్చటే కాదు. ఉపగ్రహాల మీద ఆధారపడే జి.పి.ఎస్. లెక్కలో కొన్ని గజాల తప్పు రావచ్చు. విమానం దిగేటప్పుడు ఆ తప్పు పనికిరాదు. దాన్ని దిద్దటానికి మన ఇస్రోవారూ, విమానాశ్రయాల సంస్థవారూ కలిసి "గగన్" అనే ఏర్పాటు చేశారు. దేశంలో 15 చోట్ల ఉన్న కేంద్రాలు ఉపగ్రహాల లెక్కలో ఎంత తప్పు ఉన్నదో కనిపెడతాయి. ఆ సవరణను మన ఉపగ్రహాలు విమానాలకు చేరవేస్తాయి. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో విమానం ఒకటి గగన్ సాయంతో దిగి చూపింది. ఖరీదైన రేడియో దారులు లేని చిన్న విమానాశ్రయాలకు ఇది గొప్ప మేలు. కాని గగన్ మాట వినాలంటే విమానానికి తగిన చెవి ఉండాలి. అది లేని పాత విమానానికి ఆకాశంలో గగన్ ఉన్నా లేనట్టే!

చివరి మాట

ఇన్ని కళ్ళూ, ఇన్ని చెవులూ పెట్టిన తరువాత ఇక పైలట్‌తో పనేమిటి?

అసలు పని అప్పుడే మొదలవుతుంది. పాత డయల్లకు అలవాటుపడిన పైలట్ ఎంత అనుభవం కలవాడైనా కొత్త తెర ముందు మళ్ళీ విద్యార్థిలాగా కూచుని నేర్చుకోవాలి. ఏ మీట తాకితే ఏ బొమ్మ వస్తుందో మబ్బులోకి దూరిన తరువాత వెతుక్కుంటే కుదరదు. "పుల్ అప్" అన్న కేక వినబడితే, "నాకు తెలియదా?" అని అహంకారపడకుండా వెంటనే విమానాన్ని లేపాలి. తెర ఒకటి చెబుతూ, ప్రక్కనున్న చిన్న పరికరం మరొకటి చెబుతుంటే, ఏది నిజమో తేల్చుకోవలసినది కూడా అతనే.

చెవిని నమ్మకుండా పరికరాన్ని నమ్మటం డూలిటిల్ నాటి పాఠం. ఆ పరికరాన్ని కూడా కళ్ళు తెరిచి చూసి నమ్మటం ఈనాటి పాఠం. పాత విమానానికి కొత్త కళ్ళు డబ్బుతో వస్తాయి. వాటితో చూడటం మాత్రం మనిషి నేర్చుకోవలసిందే.

ఈసారి ఆకాశంలో చిన్న జెట్ పోతూ కనిపిస్తే, దాని ముక్కు వైపు చూడండి. విమానం మీ నాన్నగారికంటే పెద్దదై ఉండవచ్చు. దాని కళ్ళు మాత్రం మీకంటే చిన్నవి కావచ్చు!